నడిమి గోడ

ఎర్రమిట్ట,
14-8-1994

వనజమ్మకు అక్క గోవిందమ్మ దీవెనలు.

ఈడ అందరమూ బాగుండామని రాయాల. అట్లనే రాస్తాండా, ఒక్క గోడ తప్ప. పిల్లోళ్లు ఎట్లుండారు? చిన్నదానికి దగ్గు తగ్గిందా? ఆ ప్రొద్దుటూరు సందుల్లో గాలి ఆడదంటివి గదా, మాయిటాల పొద్దువాలినాక కాసేపు మిద్దె మీదికన్నా తోలుకపో. మన బర్రె ఈనింది, పెయ్యదూడ. శనక్కాయ ఈసారి బాగా లేచింది. చెన్నూరులో నా కూతురికి ఐదో నెల, నీకు తెల్సుంటాది.

ఇంగ గోడ సంగతి. మన రెండిండ్లకు నడిమధ్యన ఉండేది మామ వాళ్ల నాయన కట్టించిన పాత గోడ. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నాక దానికి ఇవతల మేము, అవతల మీరు. ఆ గోడ గార ఉబ్బుకోని పెచ్చులు పెచ్చులుగా రాలతాండాది. చేత్తో తడితే డొల్ల మోత. తెల్లగా ఉప్పు పూస్తాండాది. మొన్న బువ్వ తింటాంటే మీ బావ పళ్లెంలో పడె. పోయినేడు ఆయన సిమెంటు పూయించినాడు. చూసేకి నున్నగా ఉన్నింది గానీ, ఎండాకాలం దాటినాక పలక మాదిరి ఒక్కసారిగా ఊడొచ్చె. లోపల చూస్తే మట్టంతా బురద.

జమ్మలమడుగు నుంచి గోడలు కట్టే బేల్దారిని పిలిపించినాం. తేమ అవతలి తట్టు నుంచి వస్తాండాది, ఇవతల ఎంత పూసినా నిలవదు అన్నాడు. మీరు పోయి రెండేండ్లు దాటె. మీ మిద్దె మీద నీళ్లు బయటికి పోయే దోనెలో పావురాలు గూడు కట్టుకున్నాయి, గడ్డి మొలిచింది. పడిన వాన పడినట్టు గోడలోకి దిగతాండాది. మీ తట్టు తలుపు తీసి, దోనె బాగుజేసి, పాత గార గోకి ఆరబెట్టి, సున్నంతో మళ్లా చెయ్యాల. లేకుంటే కార్తీకం వానలకు గోడ నిలబడదు. గోడ పోతే దూలాలు మీ తట్టూ దిగుతాయి, మా తట్టూ దిగుతాయి.

మీ ఆయన ఓబులేసుకు చెప్పు. పట్టపగలు ఒక్క పూట వచ్చి తలుపు తీసిపొమ్మను. పార్టీలు వాళ్లవి వాళ్లకుండనీ. మీ పార్టీ మనిషిని నరికినాక మీరు ఊర్లో ఉండలేకపోతిరి. మా పార్టీ మనిషిని నరికింటే మేము పోయుందుము. అంతే గదా తేడా? మీరు సామాను లారీకి ఎత్తుకుంటాంటే బావ వాకిట్లోకి కూడా రాలేదని నీకు మనసులో ఉండాది. ఆ పొద్దు ఆయన లోపల ఈ గోడకే ఆనుకొని కూర్చొని ఏడ్చినాడు. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

జాబు అందినట్టు రాయి.
మీ అక్క,
గోవిందమ్మ


ప్రొద్దుటూరు,
2-9-1994

అక్కకూ బావకూ వనజ నమస్కారాలు.

నీ జాబు అందింది. చిన్నదానికి దగ్గు తగ్గింది. పెద్దోన్ని ఈడ మున్సిపల్ బడిలో వేసినాం. ఆయన నూనె మిల్లులో తూకం కాడ ఉండాడు. సొంత చేన్లో శనక్కాయ పండించిన మనిషి ఇప్పుడు ఎవురి కాయలో తూకమేస్తాండాడు. ఇంటికొస్తే బట్టలంతా నూనె చెక్క వాసన.

నీ జాబు ఆయనకు చదివి వినిపిచ్చినా. బర్రె ఈనిందంటే నవ్వినాడు. గోడ మాట వచ్చేతలికి ముఖం మారిపోయె.

"గోడంట, గోడ! మనిషిని ఊర్లోకి పిల్చేకి ఇంగేం సాకు దొరకలేదా?" అన్నాడు.

"అక్క రాసింది, బావ కాదు" అంటి.

"రాసేది ఆమె, రాయించేది ఎవురు? దూడ పంచాయితీ ఉండాది రమ్మని పిల్చి మనోన్ని బాయికాడ నరికినారు. నాకు గోడ పంచాయితీ పెట్టినారా?"

ఆయన రాయమన్న మాట ఉన్నదున్నట్టు రాస్తాండా. మా ఇంటి తాళం మీద ఎవురన్నా చెయ్యేస్తే ఊరుకునేది లేదంట. గోడ పడితే పడనీ అంట.

అక్కా, నాకు నీ మీద అనుమానం లేదు. అయినా ఒక్క మాట అడుగుతా, కోపం జేసుకోవద్దు. నువ్వు జాబు రాసేటప్పుడు బావ గానీ, మీ పార్టీవాళ్లు గానీ పక్కన లేరు గదా? పట్టపగలు రమ్మని రాసింటివి. ఆ మాట యాల రాసినావా అని రెండు దినాలుగా నా మనసులో తిరగతాండాది.

వేములకు పోయినప్పుడు అమ్మను అడిగినట్టు చెప్పు.
నీ చెల్లెలు,
వనజ


ఎర్రమిట్ట,
20-9-1994

వనజా,

నీ జాబు చూసినా. పట్టపగలు అని యాల రాస్తినంటే, చీకటిపడి వస్తే మీ ఆయనకే భయమని. దాన్ని తిప్పి చూసుకుంటివి.

వేములలో నేను నీకు పలక మీద అక్షరాలు దిద్దించినా. నా రాత వెనకాల ఇంగొకరు కూర్చోని ఉంటారని నీకు ఎట్ల తోచింది? మొగోళ్లు పార్టీలు పెట్టుకున్నారు సరే. మనం ఒక కడుపున పుట్టి ఒకే ఇంటికి కోడండ్లుగా వస్తిమి. మనకు గూడా పార్టీలుండాయా?

ఆ జాబు బావకు చూపకూడదనుకుంటి. బియ్యం డబ్బా మీద పెట్టింటే ఆయనే చూసుకున్నాడు. సద్ది తాకకుండా చేనికి పోయినాడు. పొద్దుగూకినాక వచ్చి, "వాన్ని నా భుజం మీద ఎక్కించుకొని జాతరలు తిప్పినా గోవిందా, నేను వాన్ని చంపుతానా?" అన్నాడు.

మా పార్టీవాళ్లకు ఈ సంగతి తెలిస్తే నవ్వుతారు. మొన్న ఒకడు ఇంటికొచ్చి గోడ చూసి, "పడిపోనీలేన్నా, అవతలి సగం కూడా కలిసొస్తాది" అన్నాడు. బావ వాన్ని వాకిలి దాటించినాడు. మాకు మీ సగం వద్దు. అట్ల అనుకుంటాండారేమో అని రాస్తాండా.

నిన్న వాన పడింది. గోడ అడుగున బండలు కనబడతాండాయి. రెండు తడికెలు అడ్డం పెట్టి, మా మంచాలు వంటింట్లోకి మార్చుకున్నాం. ఇంగ నిన్ను అడగను.

గోవిందమ్మ


ప్రొద్దుటూరు,
15-10-1994

అక్కా,

నువ్వు దీవెనలు కూడా రాయకుండా జాబు మొదలుపెడితివి. అది చూసి ఏడ్చినా. తప్పు నాదే.

ఈ జాబు గాజులమ్మే అజ్మత్ బీ చేతికిచ్చి పంపుతాండా. ఆమెను ఏ పార్టీవాళ్లూ ఆపరు, అన్ని ఇండ్లల్లో ఆడోళ్ల చేతులుండాయి గదా. జాబుతో పాటు మా ఇంటి తాళంచెవి ఉండాది. ఆయనకు చెప్పలేదు. ఎలక్షన్లు దగ్గరపడె, ఆయన మిల్లు నుంచి నేరుగా పార్టీ ఆఫీసుకు పోతాండాడు. ఇప్పుడు బావ పేరెత్తితే ఇంట్లో బువ్వ ఉడకదు. ఓట్లయిపోయినాక, మనసు చల్లబడినాక, నేనే నిదానంగా చెప్తా. బాగైన గోడను చూసినాక ఆయన మాత్రం ఏమంటాడు?

ఒక్కటే మాట. బావ ఒక్కడే పోవాల. మీ పార్టీవాళ్లు ఎవురూ మా గడప తొక్కకూడదు. అది మాత్రం మర్చిపోవద్దు.

దేవుని గూటి కాడ గార బాగుంటే గోకొద్దు. కొట్టులో నా పెండ్లి జంపఖానా ఉండాది, ఎలకలు కొట్టినాయేమో చూడు. అటక మీద ఉప్పు కుండలుండాయి, నీకు కావాల్సినవి తీసుకో. రెండేండ్లయింది, యాడ ఏం పెట్టినానో నాకు నిద్రలో గూడా తెలుస్తాంటాది.

నీ వనజ


ఎర్రమిట్ట,
12-11-1994

నా బంగారు చెల్లెలికి అక్క వెయ్యి దీవెనలు.

అజ్మత్ బీ ముందు నా చేతికి గాజులు తొడిగి, తర్వాత రవికలో నుంచి తాళంచెవి తీసిచ్చె. ఆమె పోయినాక బావకు చూపిస్తే, దాన్ని అరచేతిలో పెట్టుకొని శానాసేపు చూసినాడు. "వాడే పంపినాడా?" అన్నాడు. నేను "వనజ పంపింది" అంటి. "ఇద్దరూ ఒకటే గదా" అన్నాడు. నేను మళ్లా ఏం చెప్పలేదు.

తలుపు తీస్తే లోపలంతా ముక్కిన వాసన, పావురాల రెట్ట. జంపఖానా ఒక మూల కొట్టినాయి, ఎండకేసినా. బావ మిద్దెక్కి దోనెలో చెయ్యిపెట్టి గూడు, మట్టి, గడ్డి అంతా లాగి పడేసినాడు. మరుసటి దినమే వాన. దోనెలో నుంచి నీళ్లు దబదబా సందులోకి పడతాంటే చూడాల ఆయన సంబరం! తడుస్తా నిలబడినాడు.

బేల్దారులు ఎవురూ రామన్నారు. ఇవతలి తట్టు చేస్తాం, అవతలి తట్టు అడుగుపెట్టం, ఎలక్షన్ల ముందు మాకెందుకప్పా అన్నారు. అందుకని బావే చేస్తాండాడు. గార అంతా గోకినాడు. రాయీ మట్టీ బయటపడి గోడ తోలు ఒలిచినట్టుండాది. కిటికీలు తీసి ఆరబెట్టినాం. సున్నం నానేసినాం. మామ ఉన్నప్పుడు కరక్కాయ నీళ్లు పోసి కలిపేవాడంట, అట్లనే కలుపుతాండాడు. నేను ఇసక జల్లిస్తాండా. ఇన్నేండ్లకు ఇద్దరం కలిసి ఒక పని చేస్తాండాం, చేలో తప్ప.

ఆయన మాట్లాడేదంతా ఓబులేసు గురించే. ఈ మూల వాడు జొరంతో పడుకున్నాడు, ఈ కిటికీ ఎక్కి దూకి పన్ను ఇరగ్గొట్టుకున్నాడు అని. "ఓట్లయిపోనీ, నేనే ప్రొద్దుటూరు పోయి మిల్లు కాడ నిలబడతా. పొడుస్తాడా, పొడవనీ" అంటాండాడు. నవ్వుతానే అంటాండాడులే.

మిద్దె మీద ఉన్నప్పుడు మీ పార్టీవాళ్లు ఒకరిద్దరు చూసినారు. "ఏం నారాయణా, తమ్మునింటి మీద ఏం పని?" అని అడిగినారంట. "మా తమ్ముని ఇల్లయితే నాది గాదా?" అన్నాడంట. నాకు కొంచెం గుబులైంది. ఆయనకేమీ లేదు.

నీ దగ్గరినుంచి మాట లేనిదే తాళం మళ్లా వెయ్యనంటాండాడు. కిటికీలు మూస్తే ఆరదంట.

అక్క,
గోవిందమ్మ


వేముల,
23-11-1994

అక్కా,

నీ జాబు అజ్మత్ బీ ఇచ్చిన మరుసటి దినమే అమ్మకు జొరమని కబురొస్తే పిల్లోళ్లను తీసుకొని వేములకు వచ్చినా. అమ్మకు ఇప్పుడు నయం, గంజి తాగుతాండాది. నీ జాబు చదివి వినిపిస్తే, "నారాయణ చెయ్యి పెడితే గోడ నూరేండ్లుంటాది" అన్నది.

ఆయనకు ఇంకా చెప్పలేదు. నీకు గుబులైందని రాసినాక నాకూ మనసు నిలవలేదు. ఎలక్షన్ల దాకా ఆగను, పోయిన పూటే చెప్తా. బేస్తవారం బస్సెక్కుతా. బావను మిద్దె ఎక్కొద్దని చెప్పు. గోడ లోపల పని లోపలే చేసుకోమను.

వనజ


ప్రొద్దుటూరు,
20-12-1994

అక్కా,

ఈ జాబు నువ్వు చదువుతావో లేదో తెలీదు. అజ్మత్ బీ ఇంగ మన ఊరికి రానంటాండాది, పోస్టులో వేస్తాండా.

బావను సాగనంపే దినం నేను వచ్చినా. సందు మొదుట్లోనే ఆడోళ్లు నన్ను ఆపినారు. "ఇంగేం చూసేకి వచ్చినావు?" అన్నారు. నువ్వు వాకిట్లో కూర్చోనుంటివి. నా తట్టు చూసి తల తిప్పుకుంటివి. నేను ఆన్నుంచే తిరిగొచ్చేసినా.

ఏం జరిగిందో నాకు తెల్సినంత మటుకు చెప్తా.

బేస్తవారం వేముల నుంచి నేను ఇంటికి చేరేతలికి మిట్టమధ్యాన్నం. ఆయన మిల్లుకు పోకుండా ఇంట్లోనే ఉండాడు. నేను సంచి కింద పెట్టకముందే మొదలుపెట్టె.

"మా అన్న ఏం చేసినాడో తెల్సునా? నా ఇంటి తాళం పగలగొట్టి లోపల దూరినాడంట. బాంబులు చుట్టిస్తాండాడంట. తెల్లటి పొడి గంపలతో మోసింది మనోళ్లు కండ్లారా చూసినారు. మందు అది."

"అది సున్నం!" అంటి. "తాళం పగలగొట్టలేదు. తాళంచెవి నేను పంపినా. గోడకు గార చేస్తాండాడు బావ."

ఆయన నా ముఖంలోకి చూసినాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరవను. "పొద్దున్నే జీపు పోయింది" అన్నాడు. "నా ఇల్లు, మీరే తేల్చండని నేనే చెప్పినా."

చెప్పులు గూడా తొడుక్కోకుండా టెలిఫోను బూతుకు ఉరికె. ఊర్లో ఉండేది పోస్టాఫీసు ఫోను ఒక్కటే. మోగతానే ఉండాదంట, ఎత్తేవాళ్లు లేరు. ఆన్నుంచి అట్లనే జమ్మలమడుగు బస్సెక్కినాడు. రెండేండ్లుగా ఆ దారి తట్టు చూడని మనిషి ఒంటరిగా పోయినాడు. నేను పిల్లోళ్లను కావిలించుకొని గడప కాడ కూర్చున్నా. తర్వాత సంగతి నాకంటే నీకే తెల్సు.

చంపుతారని నేననుకోలేదు, బెదిరించి బయటికి తోలతారనుకుంటి అని పోలీస్ స్టేషన్లో ఆయన నాతో అన్నాడు. నమ్మాల్నో వద్దో నాకు తెలీలా. నేను ముందే చెప్పింటే అని మాత్రం రోజూ పొద్దున లేస్తానే తలుస్తాండా. తాళంచెవి పంపకుంటే బావ బతికుండు, గోడ పోయినా పోయుండు.

తిట్టేకన్నా ఒక జాబు రాయి.

వనజ


ప్రొద్దుటూరు,
26-2-1995

అక్కా,

చెన్నూరులో మనకు మనవడు పుట్టినాడని అమ్మ రాయించింది. నాకు ఎవురూ చెప్పలేదు. తప్పు పట్టడంలేదు.

ఆయన కడప జైల్లో ఉండాడు. పార్టీ పెట్టిన వకీలు బెయిలు తెస్తానంటే వద్దన్నాడంట. జైలుకు పోయి చూస్తే గోళ్లు చూసుకుంటా కూర్చుంటాడు. నేను అదే నూనె మిల్లులో కాయలు చెరిగేకి పోతాండా.

నీ జాబు కోసం చూస్తాండా.

వనజ


ఎర్రమిట్ట,
18-6-1995

వనజా,

నీ జాబులు రెండూ అందినాయి. చదివినా. చెయ్యి రాక రాయలేదు.

నీకు తెలీంది నేను చెప్తా. ఒకసారే చెప్తా. మళ్లా అడగొద్దు.

ఆ పొద్దు ఆయన మీ పడసాలలో ఎత్తుపీట మీద నిలబడి గార పూస్తాండాడు. గోడ పైసగం అయిపోయింది. నేను ఇవతల బువ్వ ఒండుతాంటి. జీపు మోత వినపడె. వాళ్లు మీ తలుపులో నుంచే పోయినారు, తీసే ఉన్నింది గదా. ఆయన కేక గోడ అవతలినుంచి వినపడె. నేను సందు చుట్టి పోయేతలికి వాళ్లు బయటికొస్తాండారు. ముఖాలకు గుడ్డలు గూడా కట్టుకోలేదు. అందరూ మన ఊరోళ్లే, మన పెండ్లిలో బువ్వ తిన్నోళ్లే. ఆయన సున్నం గుంత పక్కన పడిపోయి ఉండాడు. తల నా తొడ మీద పెట్టుకున్నా. "ఓబులేసుకు చెప్పు" అన్నాడు. ఏం చెప్పాల్నో చెప్పకుండానే పోయినాడు.

పొద్దు వాలేటప్పుడు ఓబులేసు వచ్చినాడు. కాళ్లు రక్తాలు. అన్నను చూసి ఆడనే సున్నంలో కూలబడె. మా పార్టీవాళ్లు కొడవళ్లు తీసినారు. నేను అడ్డం నిలబడినా. "ఈ ఇంట్లో ఈ పొద్దుకు ఒకటి చాలు" అంటి. పోలీసులు వచ్చేదాకా అట్లనే నిలబడినా. జాలితో గాదు వనజా. ఆ మనిషి మీద నాకు జాలి లేదు. నువ్వు గూడా నా మాదిరి తల తొడ మీద పెట్టుకొని కూర్చుంటావే అని.

సందులో నిన్ను చూసి తల తిప్పుకున్న మాట నిజం. నువ్వు నా పక్కన కూర్చుంటే నేను గట్టిగా ఏడుద్దును. అంతమంది ముందర నీ మెడ పట్టుకొని ఏడ్చేకి నాకు మనసొప్పలేదు.

మొన్న పంచాయితీ ఎలక్షన్ల ముందు మీ నాయకుడూ మా నాయకుడూ ఒకే జీపులో వచ్చినారు. మా వాకిట్లో ఒకే మంచం మీద కూర్చున్నారు. "ఇంగ అందరమూ ఒకే పార్టీ అమ్మా, పాత పగలు వద్దు" అన్నారు. ఆయన్ను నరికినోళ్లను గుర్తుపట్టలేదని కోర్టులో చెప్పమన్నారు. జెండా కట్ట కాడ ఈయన ఫోటో పెడతారంట, పార్టీ కోసం ప్రాణమిచ్చినాడని కింద రాస్తారంట.

"ఆయన ఏ పార్టీకీ ప్రాణమీలేదప్పా. తమ్ముని ఇంటికి గార చేస్తా చచ్చినాడు. ఫోటో పెడితే అదే రాయండి" అంటి. ఇద్దరూ లేచిపోయినారు. నేనిచ్చిన మజ్జిగ తాగలేదు.

కోర్టులో నేను పేర్లు చెప్తా. ఓబులేసు ఏమన్నాడో నువ్వు రాసింది గూడా చెప్తా. ఉన్నదానికి ఎక్కువా చెప్పను, తక్కువా చెప్పను. దానికి నీకు కోపం రావచ్చు. వస్తే వచ్చింది, నేను ఆపుకోలేను. ఆపుకుంటే ఈ ఇంట్లో పడుకోలేను.

మిగిలిన గోడ నేనే పూసినా. నున్నగా రాలేదు. ఆయన పూసినకాడికి ఒక రకం, నేను పూసినకాడ ఒక రకం. నిలబడితే చాలని వదిలేసినా.

ఇల్లు ఇంగ నువ్వే చూసుకోవాల. బడి లేని దినం చూసి పిల్లోళ్లను తీసుకొని రా. ఆడోళ్లను ఎవురూ ఏమనరు, సందు మొదుట్లో నేనే ఉంటా. బువ్వ ఒండి పెడతా. నేను మాట్లాడకపోతే తప్పు పట్టుకోవద్దు. మాట యాన్నుంచి తెచ్చుకోవాల్నో నాకింకా తెలీలా.

గోవిందమ్మ